వేసవి శిబిరం ఇంకో ట్యూషన్ కాకూడదంటే: 11–14 ఏళ్ల పిల్లలకు 20 రోజుల ప్రణాళిక

సెలవుల్లో పిల్లలకు చదువు శిబిరం పెట్టాలనుకోగానే చాలామంది ముందు వచ్చే ఏడాది పాఠ్యపుస్తకం తెరుస్తారు. ఆరో తరగతి పిల్లలకు ఏడో తరగతి లెక్కలు మొదలైపోతాయి. తల్లిదండ్రులకు అది ముందడుగులాగే కనిపిస్తుంది. కానీ అదే పాఠం బడిలో చెప్పేటప్పుడు పిల్లలు ‘ఇది మాకొచ్చు’ అనుకుని వినడం మానేస్తారు. సగం వచ్చింది సగంగానే ఉండిపోతుంది. పైగా సెలవుల్లో తప్ప దొరకని తీరిక వృథా అవుతుంది. దారానికి నట్టు కట్టి గంటసేపు ఊపి కొలిచే వెసులుబాటు బడి రోజుల్లో ఏ టీచరుకూ ఉండదు. శిబిరానికి అది ఉంటుంది. కాబట్టి కొత్త పాఠాలు పేర్చకండి. పిల్లలకు ఇప్పటికే పరిచయమున్న భిన్నాలు, నిష్పత్తులు, గ్రాఫులు, కొలతలతోనే లోతుకు దిగండి. ఈ ప్రణాళిక అంతా ఆ ఒక్క నిర్ణయం మీదే నిలబడింది.

సెలవుల్లో చదువు మరిచిపోవడం గురించి ఒక మాట. 1996లో అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్ బృందం అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, వేసవి తర్వాత పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనకబడుతున్నారనీ, లెక్కలు చేయడంలోనూ స్పెల్లింగుల్లోనూ ఆ నష్టం ఎక్కువనీ తేల్చింది. ఆ నష్టం నిజంగా ఎంత అన్నదానిపై తర్వాతి పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. అందుకే ‘మరిచిపోతారు, రండి’ అని భయపెట్టి పిల్లల్ని చేర్చుకోకండి. అలా చేరిన పిల్లలు రెండో వారానికే జారుకుంటారు.

ఎంతమంది, ఎన్ని రోజులు

ఒక జట్టుకు 15 మంది, వాళ్లకు ఒక టీచరు, ఒక సహాయకుడు లేదా సహాయకురాలు. వారానికి 5 రోజుల చొప్పున 4 వారాలు, రోజుకు 3 గంటలు. అమెరికాలో ఐదు పట్టణ విద్యా జిల్లాల ప్రాథమిక తరగతి పిల్లలపై ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన అధ్యయనంలో, 20 రోజులో అంతకంటే ఎక్కువో వచ్చినవాళ్లలోనే గణితంలో స్పష్టమైన మేలు కనిపించింది. మన పిల్లలు వాళ్లకంటే పెద్దవాళ్లు కాబట్టి ఆ లెక్క అచ్చంగా వర్తించకపోవచ్చు. అయినా ఒక సంగతి మాత్రం ఇక్కడా నిజం: ఎంత మంచి ప్రణాళికైనా పిల్లలు రోజూ వస్తేనే పనిచేస్తుంది. రెండు వారాలకు మించి కుదరకపోతే దిగువ చెప్పిన సొంత ప్రాజెక్టు వదిలేసి చిన్న పరిశోధనలతో సరిపెట్టండి. రెండూ ఇరికిస్తే రెండూ చెడతాయి.

15 సీట్లుంటే 18 మందిని చేర్చుకోండి. మొదటి వారంలో ఇద్దరు ముగ్గురు మానేయడం మామూలే. ఒకవేళ అందరూ వచ్చినా ముగ్గురేసి 6 గుంపులవుతాయి, కాబట్టి సామాను మొదటినుంచీ 6 గుంపులకు సరిపడా సిద్ధం చేయండి. గుంపుకు ముగ్గురే ఉండాలి. నలుగురైతే ఒకరు చూస్తూ కూర్చుంటారు. ఇద్దరైతే ఒకరు రాని రోజు పని ఆగిపోతుంది.

వయసు తేడాను తేలిగ్గా తీసుకోవద్దు. 11 ఏళ్ల పిల్లకూ 14 ఏళ్ల పిల్లవాడికీ మధ్య బీజగణితమంత దూరం ఉంటుంది. రెండు జట్లు పెట్టగలిగితే 11–12, 13–14గా విడదీయండి. ఒకే జట్టయితే అందరికీ ఒకే ప్రయోగం ఇచ్చి, చివరి ప్రశ్న మాత్రం వేరుగా ఇవ్వండి. అది ఎలాగో దిగువ లోలకం ప్రయోగం దగ్గర కనిపిస్తుంది.

మొదటి రోజు: 8 ప్రశ్నలు, మార్కులు లేవు

పిల్లలు ఎక్కడున్నారో తెలియకుండా మొదలుపెడితే మొదటి వారమంతా గాలిలో రాయి వేసినట్టే. అరగంటలో రాయగలిగే 8 ప్రశ్నలివ్వండి. 2/3, 3/5లలో ఏది పెద్దది, ఎందుకు? 0.35, 0.4లలో ఏది పెద్దది? −3, −7లలో ఏది చిన్నది? 8 + 4 = ☐ + 5 అయితే పెట్టెలో ఏముండాలి? ఒక గది మూల విరిగినట్టున్న ఆకారానికి వైశాల్యమెంత? ఒక మనిషి నడకకు గీసిన దూరం–కాలం గ్రాఫులో గీత అడ్డంగా సాగితే అర్థమేమిటి? చిన్న పేరా చదివి రచయిత చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంలో రాయడం ఏడోది. సైకిల్ బ్రేకు ఎలా పనిచేస్తుందో 5 వాక్యాల్లో రాయడం ఎనిమిదోది.

వీటిలో ఎన్ని ఒప్పులో లెక్కపెట్టకండి, తప్పు ఎలాంటిదో చూడండి. 0.35 పెద్దదన్న పిల్లలు చుక్క తర్వాతి అంకెలను 35, 4 అని మామూలు సంఖ్యల్లా చదువుతున్నారు. పెట్టెలో 12 రాసినవాళ్లకు ‘=’ అంటే ‘జవాబు ఇక్కడ రాయి’ అనే గుర్తు మాత్రమే. రెండువైపులా సమానమన్న సంగతి తట్టలేదు, అలాంటివాళ్లకు సమీకరణాలు ఎన్ని చెప్పినా నిలవవు. అడ్డగీత చూసి ‘చదునైన దారిలో నడుస్తున్నాడు’ అన్నవాళ్లు గ్రాఫును బొమ్మలా చూస్తున్నారు. మనిషి ఆగిపోయాడని వాళ్లకు చెప్పి వదిలేయకండి. గదిలో నడిపించి, ఆపి, ఆ నడకను వాళ్లచేతే గీయించండి. ప్రతి పిల్లకూ ఒక కార్డు పెట్టి దొరికిన తప్పు రకం రాసుకోండి. చివరి రోజుల్లో ఇవే ప్రశ్నలు అంకెలు మార్చి ఇస్తే ఏది మారిందో ఆ కార్డే చెబుతుంది.

3 గంటలు ఎలా గడవాలి

వచ్చీరాగానే 15 నిమిషాలు ఒక చిక్కు లెక్క. తర్వాత 75 నిమిషాలు ఆ రోజు పరిశోధన. 20 నిమిషాలు విరామం. 30 నిమిషాలు ఎవరికి నచ్చింది వాళ్లు మౌనంగా చదువుకోవడం, ఆ సమయంలో టీచరు కూడా చదవాలి, హాజరు పట్టీలు నింపుకోకూడదు. మరో 30 నిమిషాలు రాయడం. చివరి 10 నిమిషాల్లో సామాను సర్దడం. ఆ 10 నిమిషాలు మింగేస్తే మర్నాడు పరిశోధన 20 నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది, ఎందుకంటే స్టాప్‌వాచ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఎండలో చేయాల్సిన పని ఉంటే ఆ రోజు క్రమం మార్చి పరిశోధనను ముందుకు జరపండి.

చిక్కు లెక్క చిన్న సంఖ్యలతో తడిమి చూడటానికి వీలుగా ఉండాలి. మొదటిరోజు 15 మందీ ఒకరితో ఒకరు ఒక్కోసారి చేయి కలిపితే మొత్తం ఎన్ని? ఎవరూ చెప్పలేరు. ముగ్గురైతే 3, నలుగురైతే 6, ఐదుగురైతే 10 అని చేసి చూస్తే వరుస కనిపిస్తుంది, 15 మందికి 105 అని తేలుతుంది. చదరంగం పలకమీద అన్ని పరిమాణాల చతురస్రాలూ కలిపి ఎన్ని? 64 అనే జవాబు వెంటనే వస్తుంది. అసలైనది 204. 7ను 100 సార్లు గుణిస్తే చివరి అంకె ఏది? 7, 9, 3, 1 అంటూ నాలుగు అంకెలే తిరుగుతున్నాయని గమనించినవాళ్లకు 1 అని తెలిసిపోతుంది.

అడిగాక ఆగండి. 1970లలో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతి గదుల్లో చూసిందేమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా సరిగ్గా ఆగడంలేదు. కనీసం 3 సెకన్లు ఆగినప్పుడు జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు నోరు విప్పారు. 3 సెకన్లు వినడానికి చిన్నవే, నిలబడి ఆగితే చాలా పెద్దవి. మనసులో లెక్కపెట్టుకోండి.

ఒక రోజు పూర్తిగా: లోలకం

మొదటి వారంలో తప్పకుండా చేయాల్సిన పరిశోధన ఇది. ఖర్చు దాదాపు లేదు, కొలత, సగటు, పట్టిక, గ్రాఫు, నిష్పత్తి అన్నీ ఒకేచోట కలుస్తాయి. ప్రతి గుంపుకూ 2 మీటర్ల సాగని దారం, ఒకే సైజు నట్లు 3, కొలత టేపు, స్టాప్‌వాచ్, పెన్సిల్, అంటుకునే టేపు కావాలి. పెన్సిల్‌ను బల్ల అంచున 5 సెంటీమీటర్లు బయటికి ఉండేట్టు టేపుతో గట్టిగా బిగించాలి. పెన్సిల్ కదిలితే కొలతలన్నీ కదులుతాయి. దానికి దారం కట్టి, కొసన నట్టు వేలాడదీయాలి.

ముందుగా అడగండి: ఊపు వేగం దేన్నిబట్టి మారుతుంది? బరువు, ఎంత దూరం లాగి వదిలామన్నది, దారం పొడవు అని మూడూ వస్తాయి. ఎక్కువమంది బరువు వైపే ఉంటారు. చేతులెత్తించి బోర్డు మీద సంఖ్యలు రాసి ఉంచండి, చివర్లో అవసరమవుతాయి.

దారం పొడవులు 16, 36, 64 సెంటీమీటర్లు పెట్టించండి. మీటరు దారం వేలాడదీయాలని సరదా పడతారు కానీ మామూలు బల్ల ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లే, నట్టు నేలకు తగులుతుంది. ఆ మూడు పొడవులే ఎందుకంటే, 10 ఊపులకు పట్టే కాలం వరసగా సుమారు 8, 12, 16 సెకన్లు వస్తుంది. పొడవు నాలుగింతలైతే కాలం రెండింతలే అయిందని 16, 64లను పక్కపక్కన పెడితే కళ్లకు కడుతుంది.

ఇక ఎక్కడ చెడుతుందో చూద్దాం. మొదటి తప్పు లెక్కింపులో. నట్టు వదలగానే ‘ఒకటి’ అంటారు. నట్టు ఒకసారి వెళ్లి వెనక్కి వచ్చాకే ఒకటి, వదిలేటప్పుడు ‘సున్నా’ అనాలి. లేకపోతే 9 ఊపులనే 10గా లెక్కేస్తారు, 36 సెంటీమీటర్లకు 12 బదులు 10.8 సెకన్లు వస్తుంది. మీ గుంపుల్లో ఒకరి అంకె మిగతావాళ్లకంటే పదో వంతు తక్కువుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. రెండోది, పొడవును ముడి వరకే కొలవడం. నట్టు మధ్య వరకు కొలవాలి. 16 సెంటీమీటర్ల దారంలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే కాలం సుమారు 3 శాతం మారుతుంది.

మూడో తప్పు అన్నిటికంటే విలువైనది. బరువు పెంచమంటే పిల్లలు ఒక నట్టు కింద ఇంకో నట్టు, దానికింద మరొకటి గొలుసులా కడతారు. కాలం పెరుగుతుంది. ‘చూశారా, బరువే కారణం’ అని సంబరపడతారు. నిజానికి పెరిగింది పొడవు. సరిచేయకండి, కాసేపు అలాగే ఉంచండి. పక్క గుంపు మూడు నట్లనూ ఒకే ఉచ్చులో వేసి ఉంటే వాళ్లకు కాలం మారదు. రెండు గుంపులనూ ఎదురెదురుగా నిలబెట్టి, ‘మీ రెండు లోలకాల్లో తేడాలెన్ని ఉన్నాయో వెతకండి’ అనండి. ఒకేసారి రెండింటిని మార్చితే ఏది కారణమో తెలియదన్న సంగతిని పుస్తకంలో పది సార్లు చదివినా ఇంత గట్టిగా నాటుకోదు.

ఎంత దూరం లాగాలన్నదానికీ హద్దు పెట్టండి. నిలువు నుంచి 20 డిగ్రీల లోపు లాగితే కోణం వల్ల వచ్చే తేడా ఒక శాతం కూడా ఉండదు. 60 డిగ్రీలకు లాగితే సుమారు 7 శాతం పెరిగి 12 సెకన్లు 12.9 అవుతుంది. దాన్ని గమనించిన గుంపు దొరికితే మెచ్చుకోండి, వాళ్లు తప్పు చేయలేదు.

ఒక్క ఊపును కొలిస్తే సరిపోదా అని ఎవరో ఒకరు అడుగుతారు. మీట నొక్కే చేతి ఆలస్యం సుమారు 0.2 సెకను. 1.2 సెకన్ల ఊపులో అది చాలా ఎక్కువ. పది ఊపుల మీద పరిచితే ఒక్కో ఊపు వాటాకు 0.02 మాత్రమే వస్తుంది. ప్రతి పొడవుకూ మూడుసార్లు కొలిచి సగటు తీయించండి. ఒక కొలత మిగతా రెండింటికీ చాలా దూరంగా ఉంటే చెరిపేయనివ్వకండి, పక్కన గుర్తు పెట్టి మళ్లీ కొలిపించండి.

చిన్నవాళ్ల చివరి ప్రశ్న: 10 ఊపులకు సరిగ్గా 10 సెకన్లు పట్టాలంటే దారం ఎంత పొడవుండాలి? గ్రాఫు చూసి ఊహించి, కట్టి, పరీక్షించాలి. సుమారు 25 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. పెద్దవాళ్లకు: పొడవుకు వర్గమూలం తీసి కాలంతో పోల్చండి. 4, 6, 8లకు ఎదురుగా 8, 12, 16 కనిపించినప్పుడు ఎవరూ చెప్పకుండానే సూత్రం రాసేస్తారు. గ్రాఫు గీసేటప్పుడు స్కేలుతో చుక్కలన్నీ కలపబోతారు, ఆపండి. సాఫీగా వంగే గీత చేత్తో గీయాలి.

కొలవడం, గడియారం చూడటం, రాయడం అనే మూడు పనులూ పొడవు మారిన ప్రతిసారీ చేతులు మారాలి. పట్టించుకోకపోతే చేతిరాత బాగున్నవాళ్లు 20 రోజులూ రాస్తూనే ఉంటారు, కొలవడం వాళ్లకు రాదు.

మిగతా చిన్న పరిశోధనలు

రెండు పాచికల పందెం తప్పనిసరి. 1 నుంచి 12 వరకు గుర్రాలు, రెండు పాచికల మొత్తం ఎంతైతే ఆ గుర్రం ఒక అడుగు ముందుకు. 1వ గుర్రాన్ని ఎంచుకున్నవాళ్లకు అది ఎప్పటికీ కదలదని నాలుగైదు విసుర్లకు తెలుస్తుంది. రెండు పాచికలు పడే 36 రకాల్లో 7 వచ్చేవి 6, 12 వచ్చేది ఒక్కటే. అయితే ఒక గుంపు 36 సార్లు విసిరితే 7 సరిగ్గా 6 సార్లు రాదు, 3 రావచ్చు, 10 కూడా రావచ్చు. ‘సిద్ధాంతం తప్పు’ అనే లోపే అన్ని గుంపుల లెక్కలూ బోర్డు మీద కలపండి. విసుర్లు పెరిగేకొద్దీ ఏ మొత్తం ఎంత తరచుగా వస్తుందన్నది స్థిరపడటం పిల్లలు చూడాలి.

చుట్టుకొలత 24 ఉన్న దీర్ఘచతురస్రాలన్నీ గళ్ల కాగితం మీద గీయించండి: వైశాల్యం 11, 20, 27, 32, 35, 36. కొందరు 24 వైశాల్యమున్నవి గీస్తారు, దారంతో చుట్టించి చూపితే సరిపోతుంది. ఎరటోస్తనీస్ జల్లెడతో, అంటే 2, 3, 5, 7ల గుణిజాలను వరసగా కొట్టేసే పద్ధతితో, 100 లోపు 25 ప్రధాన సంఖ్యలు వెతికించండి, 7 గుణిజాలు కొట్టేశాక ఎందుకు ఆపవచ్చో వాళ్లచేతే చెప్పించండి.

రాతపనికి రోజూ ఒకే చట్రం చాలు: నేను చెబుతున్నదేమిటి, నా దగ్గరున్న ఆధారమేమిటి, ఆ ఆధారం నా మాటను ఎలా నిలబెడుతోంది. మూడోది రాయడమే కష్టం. ‘ఎందుకంటే మేం ప్రయోగం చేశాం’ అని ముగిస్తారు. ‘ఏ అంకె చూసి అన్నావు?’ అని ఒక్క ప్రశ్న వేసి తిరిగివ్వండి, ఎర్ర సిరా అక్కర్లేదు.

సొంత ప్రాజెక్టు: 9 నుంచి 17వ రోజు వరకు

ప్రాజెక్టులు చెడేది ప్రశ్న దగ్గరే. ‘కాలుష్యం’, ‘అంతరిక్షం’ ప్రశ్నలు కావు, వాటితో పోస్టరు మీద అతికించిన బొమ్మలే మిగులుతాయి. మంచి ప్రశ్నలో మార్చే వస్తువొకటి, కొలిచే వస్తువొకటి ఉండాలి. రెండు రోజుల్లో కనీసం 30 కొలతలు రావాలి. జవాబు గుంపులో ఎవరికీ ముందే తెలిసి ఉండకూడదు. కాగితం హెలికాప్టర్ రెక్క పొడవు పెంచితే 2 మీటర్ల ఎత్తునుంచి కిందపడే సమయం ఎలా మారుతుంది? కాగితాన్ని ఎన్ని మడతలు పెట్టి వంతెన చేస్తే ఎన్ని నట్ల బరువు మోస్తుంది? భవనంలో ఏ వైపు గది ఏ వేళకు వేడెక్కుతుంది? ఇలాంటివి నడుస్తాయి. విత్తనాల మొలకలతో చేయాలనుకునే గుంపు ఉంటే 9వ రోజు దాకా ఆగవద్దు, మొదటి వారంలోనే నాటించండి, లేకపోతే ప్రదర్శన నాటికి చూపడానికి ఏమీ ఉండదు.

తొలిరోజు ప్రశ్న తేల్చడం, మర్నాడు 5 కొలతలతో నమూనా పరీక్ష, ఆ తర్వాతి రోజు పద్ధతి సవరణ, 3 రోజులు కొలతలు, ఒక రోజు పట్టికలు, గ్రాఫులు, 2 రోజులు రాయడం. నమూనా పరీక్షను ఎప్పుడూ దాటవేయకండి. హెలికాప్టర్ ఒక సెకనులోనే పడిపోతోందని, చేత్తో కొలవడం కుదరదని తెలిసేది ఆ రోజే. అప్పుడు ఎత్తు పెంచుకోవచ్చు, ఫోనులో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టుకోవచ్చు. అదే సంగతి కొలతల చివరిరోజు తెలిస్తే పిల్లలు అంకెలు కల్పిస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, అలాంటి ఇరుకులోకి నెట్టింది ప్రణాళికే.

18వ రోజు ఖాళీ. దాన్ని దేనితోనూ నింపకండి, రానివాళ్ల వల్లో వాన వల్లో వెనకబడిన గుంపు ఆ రోజు అందుకుంటుంది. మిగిలినవాళ్లు తమ కొలతల్లో ఒకదాన్ని పక్క గుంపుచేత మళ్లీ చేయించి చూడొచ్చు. 19న సాధన, దాంతోపాటే మొదటిరోజు ప్రశ్నలు అంకెలు మార్చి మళ్లీ. 20న ప్రదర్శన.

ప్రదర్శనలో ప్రసంగాలు వద్దు. గుంపుకో బల్ల, వచ్చినవాళ్లకు 3 నిమిషాల వివరణ. ప్రతి పోస్టరులో ‘ఎక్కడ తప్పింది, ఏం మార్చాం’ అనే భాగం ఉండి తీరాలి. చూడటానికి వచ్చే పెద్దల చేతికి మూడు ప్రశ్నలున్న చీటీ ఇవ్వండి: ఇది నీకెలా తెలుసు? ఏ కొలతను నువ్వే నమ్మలేకపోయావు? ఇంకో వారం ఉంటే ఏం చేస్తావు? చీటీ లేకపోతే ‘బాగుంది బాబూ’ అని ముందుకు సాగిపోతారు, ఇన్ని రోజుల పని అక్కడే ఆగిపోతుంది.

సామాను, భద్రత, హాజరు

6 గుంపులకు మొత్తం 15 మీటర్ల దారం, 25 నట్లు, 6 కొలత టేపులు, 6 స్టాప్‌వాచ్‌లు, 14 పాచికలు, 300 తెల్ల కాగితాలు, 6 టేపు చుట్టలు, 6 కత్తెరలు, 6 కోణమానినులు. ప్రతి పిల్లకూ 100 పేజీల గళ్ల నోటుబుక్కు ఒకటి. అది శిబిరంలోనే ఉండాలి, ఇంటికి వెళ్తే సగం తిరిగిరావు.

పిల్లలున్నంతసేపూ ఇద్దరు పెద్దలు ఉండాలి. చేర్చుకునేటప్పుడే అలర్జీలు, వాడుతున్న మందులు, అత్యవసరానికి రెండు ఫోను నంబర్లు, పిల్లను ఎవరు తీసుకెళ్లవచ్చో రాయించుకోండి. ఆ కాగితం ఆఫీసు బీరువాలో కాదు, గదిలో ఉండాలి.

రాని పిల్ల ఇంటికి అదే రోజు మొదటి గంటలోపు ఫోన్ చేయండి. ‘ఎందుకు రాలేదు’ అని కాకుండా, ‘మీ గుంపు ఈ రోజు 64 సెంటీమీటర్ల కొలత తీస్తోంది, రేపు సగటు నువ్వే తీయాలి’ అని పిల్లతోనే చెప్పండి.

ముగిశాక రెండు రోజుల్లోపు టీచరు, సహాయకులు కూర్చుని ప్రతి పరిశోధన పక్కనా మూడు సంగతులు రాయండి: అనుకున్న సమయం, పట్టిన సమయం, ఏ సామాను చాల్లేదు. తర్వాత ఆ కాగితాన్ని, మిగిలిన నట్లనూ స్టాప్‌వాచ్‌లనూ ఒకే పెట్టెలో పెట్టి మూతమీద ఏడాది రాయండి. స్టాప్‌వాచ్‌ల బ్యాటరీలు తీసి విడిగా ఉంచండి, లోపలే వదిలేస్తే వచ్చే ఏడాదికి కారిపోయి ఉండొచ్చు.